అలంకార కళల ప్రదర్శనలో ఏం చూడాలి, అక్కడ అంత చీకటి ఎందుకు, చూసిన వస్త్రం మళ్లీ ఎందుకు కనిపించదు

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను. చిత్రపటాల ప్రదర్శనలో ఎంతసేపైనా గడపగలుగుతున్నారు గానీ, అలంకార కళల ప్రదర్శనకు వెళ్తే హుక్కా పాత్రలు, పళ్లేలు, దుప్పట్లు వరసగా కనిపించి కాసేపటికే విసుగు పుడుతోందన్నారు. గదులన్నీ మసకగా ఎందుకుంటాయని అడిగారు. పోయినసారి ఇష్టపడి చూసిన కలంకారీ వస్త్రం ఈసారి వెళ్తే లేదనీ, దాని స్థానంలో వేరొకటి ఉందనీ, అలా ఎందుకు మారుస్తారో సిబ్బంది చెప్పలేకపోయారనీ రాశారు. చివరగా, ఎన్నో ప్రదర్శనలు ప్రకటిస్తున్నప్పుడు ఏది ముందు చూడాలో ఎలా తేల్చుకోవాలన్నారు. మ్యూజియాల్లో వస్త్రాలు, లోహ వస్తువుల సంరక్షణ పనిలోనే నా ఉద్యోగ జీవితం గడిచింది కనుక, ఈ నాలుగింటికీ కలిపి జవాబు చెబుతాను. నాలుగూ ఒకే మూలం నుంచి వచ్చినవే. ఆ వస్తువు దేనితో తయారైందన్నదే ఆ మూలం.

చిత్రపటాన్ని గీసేవాడు దాన్ని ఎవరో ఎదురుగా నిలబడి చూస్తారనే గీస్తాడు. హుక్కా పాత్రను చేసినవాడు మాత్రం అది చేతికి అందుతుందని, వేడి తగులుతుందని, నీళ్లు నింపుతారని, పక్కన తివాచీ పరిచి ఉంటుందని తెలిసి చేశాడు. మ్యూజియం ఆ వస్తువును అద్దం వెనక పెట్టగానే చేతి పని పోయి చూపు మాత్రమే మిగులుతుంది. అందుకే చిత్రపటాన్ని చూసిన తీరులోనే దీన్నీ చూస్తే రెండో నిమిషానికి చూడవలసింది అయిపోయినట్టనిపిస్తుంది. దేనితో, ఎలా చేశారు, ఎవరి ఇంట్లో, ఏ పనికి వాడారు, ఇక్కడికి ఎలా వచ్చింది అని మూడు ప్రశ్నలు వేసుకోమంటాను. మొదటిదాన్నే జనం ఎక్కువగా వదిలేస్తారు. కంటికి ఎక్కువ పని పెట్టేది కూడా అదే. దక్కన్ కళల ప్రదర్శన ఎక్కడ జరిగినా తప్పకుండా ఎదురయ్యే రెండు రకాల వస్తువులతో దీన్ని వివరిస్తాను.

మొదటిది బిద్రీ. బీదర్ పేరుతో ప్రసిద్ధమైనా హైదరాబాదులోనూ దీని తయారీ బాగా సాగింది. నల్లటి ఒంటి మీద వెండి తీగెలు, వెండి రేకులు మెరిసే ఈ పాత్రలు ఇనుముతో చేసినవని చాలామంది అనుకుంటారు. అసలు లోహం తుత్తునాగం, అంటే జింకు. అందులో కొద్దిగా రాగి కలుపుతారు. మట్టి అచ్చులో పోతపోసి, ఆకురాయితో నునుపు చేసి, మైలుతుత్తం (కాపర్ సల్ఫేటు) నీళ్లు పూసి తాత్కాలికంగా నల్లబరుస్తారు. ఆ నలుపు మీద గీసిన గీత తెల్లగా కనిపిస్తుంది కాబట్టి పనివాడికి డిజైన్ గీయడం సులువవుతుంది. ఆ గీతల వెంట సన్నని ఉలితో గాడి తీసి, అందులో వెండి తీగెను, లేదా ఆ ఆకారానికి కత్తిరించిన వెండి రేకును ఉంచి సుత్తితో దిగగొడతారు. జిగురు గానీ అతుకు గానీ ఉండదు. గాడి అంచులే వెండిని పట్టుకుంటాయి. తర్వాత మొత్తాన్ని మళ్లీ రాకి, బీదర్ కోటలోని పాత మట్టిని నవాసారంతో (అమ్మోనియం క్లోరైడుతో) కలిపిన ముద్దను వేడి పాత్రకు పట్టిస్తారు. అప్పుడు జింకు గాఢమైన నలుపుకు తిరుగుతుంది, వెండి తెల్లగానే ఉండిపోతుంది. ఆ కొద్దిపాటి రాగి లేకపోతే ఆ నలుపు సరిగ్గా పట్టదు. చివరికి నూనెతో రుద్దుతారు.

ఇది తెలిసిన తర్వాత అద్దం దగ్గరికి వెళ్లి చూడండి. వెండి ఉపరితలంతో సమంగా ఉందా, కొంచెం పైకి లేచి ఉందా, పూవు వెండితో చేసి చుట్టూ నలుపు వదిలారా, లేక రేకులోనే పూవు ఆకారాన్ని కత్తిరించి వెండి నేల మీద నల్లపూవు కనిపించేలా చేశారా అన్నది చూస్తే పనితనంలోని తేడాలు వాటంతట అవే బయటపడతాయి. తీగె పనిని తార్‌కషీ అంటారు. వెండి నేల మీద నల్ల పూలు తేలేలా చేసిన పనిని ఆఫ్తాబీ అంటారు. పెద్ద రేకును ఒక్క ముక్కగా, అంచు ఎక్కడా లేవకుండా గుండ్రటి పాత్ర మీద కూర్చోబెట్టడం ఎంత కష్టమో, ఏదైనా ఒక మూల రేకు ఊడిపోయి ఖాళీ గాడి మాత్రమే మిగిలిన చోట చూస్తే అర్థమవుతుంది. అలాంటి దెబ్బతిన్న చోట్లను తప్పించుకుని చూడకండి. వస్తువు తన లోపలి నిర్మాణాన్ని చూపించేది అక్కడే. లోపల ఉలి గుర్తులు, గాడి లోతు, కొన్నిసార్లు మొదట గీసుకున్న గీత కూడా కనిపిస్తాయి.

ఆకారం కూడా కాలాన్ని చెబుతుంది. 17వ శతాబ్దపు హుక్కా పాత్రలు బంతిలా గుండ్రంగా ఉండేవి. వాటిని నిలబెట్టడానికి కింద ఒక కుదురు కావాలి. 18వ శతాబ్దానికి అడుగు వెడల్పైన గంట ఆకారం వచ్చింది, కుదురు అవసరం పోయింది. ప్రదర్శనలో గుండ్రటి పాత్ర పక్కన కుదురు లేకుండా అక్రిలిక్ స్టాండు కనిపిస్తే, అసలు కుదురు ఎక్కడో వేరుపడిపోయిందని ఊహించవచ్చు. ఉబ్బెత్తు వెండి పనితో చేప గుర్తులున్న పాత్ర ఎదురైతే లక్నో వైపు చూడాలి. చేప అవధ్ పాలకుల చిహ్నం, బిద్రీ పని అక్కడా సాగింది. ఇంట్లో పాత బిద్రీ వస్తువులున్నవారికి ఒక మాట: వెండి నల్లబడిందని పాలిష్ పెట్టి రుద్దితే వెండి మెరుస్తుంది గానీ దాని చుట్టూ ఉన్న నలుపు కూడా లేచిపోయి పాత్ర బూడిద రంగుకు తిరుగుతుంది. ఆ నలుపు పూత కాదు, లోహం పైపొరే మారి ఏర్పడినది. కొన్ని పాత మ్యూజియం సేకరణల్లో కూడా పూర్వం అతిగా శుభ్రం చేసిన పాత్రలు కనిపిస్తాయి. బూడిద రంగు బిద్రీ కనిపిస్తే అది పనివాడి లోపమని అనుకోకండి.

రెండోది కలంకారీ. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ప్రపంచంలోని పెద్ద మ్యూజియాలు మన తీరం నుంచి సేకరించుకున్న వాటిలో నేటికీ పరిశోధకులను ఎక్కువగా ఆకర్షిస్తున్నది ఈ వస్త్రాలే. గోల్కొండ రాజ్యానికి రేవుగా ఉన్న మచిలీపట్నంలో ఇంగ్లీషు వర్తకులు 1611లో స్థావరం పెట్టుకున్నారు, డచ్చివారు అప్పటికే ఉన్నారు. వాళ్లు కొన్నది ప్రధానంగా రంగు నిలిచే నూలు గుడ్డ. ఆ కాలపు ఐరోపాలో నూలు మీద ఉతికినా పోని ఎరుపును వేయడం ఎవరికీ చేతకాలేదు.

ఆ ఎరుపు ఎలా వస్తుందో తెలిస్తే వస్త్రాన్ని చూసే తీరే మారిపోతుంది. ముందు గుడ్డను కరక్కాయ రసం, గేదె పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల కలం పెట్టిన చోట రంగు పాకిపోకుండా నిలుస్తుంది. ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో పులియబెట్టిన ద్రవంతో గీత గీస్తే, అది కరక్కాయ వగరుతో కలిసి అక్కడికక్కడే నల్లబడుతుంది. ఎరుపు రావలసిన చోట పూసేది ఎరుపు కాదు, పటిక నీళ్లు. ఆ తర్వాత గుడ్డనంతా చిరివేరు అనే మొక్క వేరు నుంచి తీసిన రంగులో ఉడకబెడతారు. పటిక ఉన్న చోట ఎరుపు పట్టుకుంటుంది, లేని చోట పట్టుకోక, ఏటి నీళ్లలో ఉతికి ఎండలో పరిచే కొద్దీ తెలుపు తిరిగి వస్తుంది. కృష్ణా డెల్టాలో దొరికే చిరివేరుకు ఆ రోజుల్లో చాలా పేరుండేది. అంటే చిత్రకారుడు దాదాపు రంగులేని నీటితో బొమ్మ వేసి, ఫలితాన్ని కాగులో చూసుకునేవాడు. పటిక ఎంత చిక్కగా ఉందన్నదాన్ని బట్టి గులాబీ నుంచి ముదురు ఎరుపు దాకా ఛాయలు వచ్చేవి. తర్వాత నీలం కావలసిన భాగాలు తప్ప మిగతాదంతా మైనంతో కప్పి నీలిమందు తొట్టిలో ముంచేవారు. పసుపు రంగు చిట్టచివరికి, కలంతో.

ఇప్పుడు ప్రదర్శనలో చూడవలసినవి చెబుతాను. 17, 18 శతాబ్దాల వస్త్రాల్లో చెట్ల ఆకులు నీలంగా ఉంటాయి. అది చిత్రకారుడి ఊహాశక్తి అని గైడ్లు చెబితే నమ్మకండి. నీలం మీద పసుపు వేసి ఆకుపచ్చ చేశారు, మూడు వందల ఏళ్లలో పసుపు వెలిసిపోయి నీలం మిగిలింది. అలాంటి నీలి ఆకుల అంచుల్లోనో, మడత కింద వెలుతురు తగలని చోటో కాస్త పచ్చదనం మిగిలి ఉందేమో వెతకండి, తరచుగా దొరుకుతుంది. నీలం భాగాల పక్కన వెంట్రుకంత సన్నని నీలి చారలు కనిపిస్తే, మైనం పగిలి రంగు లోపలికి కారిన గుర్తులవి. ఎరుపు మధ్య తెల్లటి సన్నని లతలు ఉంటే, పటిక పూయకముందే అక్కడ మైనంతో గీశారన్న మాట. నల్ల గీతలున్న చోట గుడ్డ చిరిగి, గీత మేరకే సన్నటి సందు ఏర్పడి ఉంటే, అది పురుగు కొట్టినది కాదు. ఆ నలుపులోని ఇనుమే ఏళ్ల తరబడి నూలును తినేసింది. ఇవన్నీ లేబుల్ మీద రాయరు, రాసే చోటూ ఉండదు. అయినా ఒక్క వస్త్రం ముందు పావుగంట నిలబడితే ఇవి కనిపించి తీరతాయి.

ఎవరి కోసం చేశారన్నది రెండో ప్రశ్న. న్యూయార్కులోని బ్రూక్లిన్ మ్యూజియంలో 17వ శతాబ్దం తొలినాళ్లలో కోరమండల్ తీరంలో చేసిన ఏడు కలంకారీ తెరలున్నాయి. ఒక్కొక్క తెరలో ఒక్కొక్క జాతి జనం, వారి వేషభాషలు, వారి పరివారం, వంపుల మండపాల కింద కొలువుతీరి కనిపిస్తారు. ఐరోపావారి టోపీలు, కాలర్లు చిత్రించిన చెయ్యి వాటిని దగ్గరగా చూసి గీసినదే. అదే తీరం నుంచి థాయిలాండ్ రాజసభకు వేరే డిజైన్లు, ఇండోనేసియా దీవులకు వేరే డిజైన్లు, జపానుకు వేరేవి వెళ్లేవి. జపానులో వీటిని చిన్న ముక్కలుగా కోసి టీ సామగ్రికి సంచులుగా కుట్టుకున్నారు. ఆర్మేనియన్ వర్తకులు తమ చర్చిల కోసం ఆర్మేనియన్ లిపితో తెరలు వేయించుకున్నారు. ఐరోపాలో గిరాకీ ఎంత పెరిగిందంటే స్థానిక నేతగాళ్ల ఒత్తిడి వల్ల ఫ్రాన్సు 1686 నుంచి 1759 దాకా ఈ బట్టలను నిషేధించింది. ఇంగ్లండు 1701 నుంచి అచ్చు బట్టల దిగుమతిని అడ్డుకుని, 1721 చట్టంతో వాడకాన్నీ నిషేధించింది. ఒక ప్రదర్శనలో చెట్టు బొమ్మ ఉన్న పెద్ద పరుపు దుప్పటి తెల్లని నేల మీద ఉంటే, అది చాలావరకు ఐరోపా కొనుగోలుదారు అభిరుచికి తగ్గట్టు చేసినదని అర్థం చేసుకోవచ్చు.

గుడుల కోసం చేసినవి వేరే తరహా. మధ్యలో పట్టాభిషేకం, చుట్టూ వరసలు వరసలుగా రామాయణ ఘట్టాలు, ఒక్కో ఘట్టం మీద తెలుగు లిపిలో శీర్షికలు ఉండే శ్రీకాళహస్తి తరహా వస్త్రాలు విదేశీ మ్యూజియాల సేకరణల్లోనూ ఉన్నాయి. ఆ గదిలో మీకున్న సౌలభ్యం మిగతా సందర్శకులకు ఉండదు. శీర్షికలు చదవండి. పాత రాతలో దీర్ఘాలు, ఒత్తులు నేటి పద్ధతిలో ఉండవు, పలికి చదివితే తెలుస్తాయి. కథ ఏ మూల నుంచి మొదలై ఎటు తిరుగుతోందో శీర్షికలను బట్టి పట్టుకోవచ్చు. పిల్లలను తీసుకెళ్లినప్పుడు విసుగు పుట్టకుండా చేయడానికి నాకు తెలిసిన మంచి మార్గం ఇదే. హనుమంతుడు మొదట ఏ వరసలో కనిపించాడో వెతకమని పంపితే చాలు.

ఇక చీకటి సంగతి. వెలుతురు వల్ల పోయిన రంగు తిరిగి రాదు, పైగా ఆ నష్టం పోగుపడుతూ పోతుంది. వస్త్రాలు, నీటిరంగుల చిత్రాలు, కాగితం వంటి వాటికి మ్యూజియాలు సాధారణంగా 50 లక్సుల (లక్సు అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) పరిమితి పెట్టుకుంటాయి. తైలవర్ణ చిత్రాలకు 200 లక్సుల దాకా అనుమతిస్తాయి. రాయి, లోహం, పింగాణీకి వెలుతురుతో పెద్దగా పేచీ లేదు. లెక్క చూడండి. 50 లక్సుల కింద రోజుకు 8 గంటల చొప్పున 90 రోజులు ప్రదర్శిస్తే ఆ వస్త్రానికి 36,000 లక్సు-గంటల వెలుతురు తగులుతుంది. ఏడాదిలో 300 రోజులు ఉంచితే 1,20,000. మన మండుటెండ సుమారు లక్ష లక్సులు కాబట్టి, మ్యూజియం ఏడాది పొడవునా ఎంతో జాగ్రత్తగా ఖర్చుపెట్టే వెలుతురు గంటా పావు ఎండతో సమానం, అతినీలలోహిత కిరణాల సంగతి పక్కన పెట్టినా సరే. వెలుతురు సగం చేసి రెట్టింపు రోజులు ఉంచినా నష్టం అంతే. అందుచేత మిగిలిన ఒకే మార్గం రోజులు తగ్గించడం. కొన్ని నెలలు చూపించి, తర్వాత కొన్నేళ్లు చీకటి గదిలో చుట్టి పెడతారు. మీరు వెతికిన వస్త్రం పోలేదు, విశ్రాంతిలో ఉంది. సిబ్బంది ఆ మాట చెప్పకపోవడం మాత్రం లోపమే. ఒక చిన్న పలక పెట్టడానికి ఎవరికీ ఖర్చేమీ కాదు.

మసక గదిలోకి వెళ్లగానే మొదటి అద్దాల పెట్టె ముందుకు పరుగెత్తకండి. ఎండలోంచి వచ్చిన కళ్లు ఆ వెలుతురుకు అలవాటు పడడానికి కొన్ని నిమిషాలు కావాలి. ప్రవేశంలో ఉండే పరిచయ పలకను నెమ్మదిగా చదవడం అందుకే మంచిది. ఫోను టార్చి వెయ్యడం మాత్రం ఎవరూ చేయకూడని పని. మరో వివరం కూడా చెప్పాలి. అద్దాల పెట్టె లోపలి చెక్క, గుడ్డ, జిగురు నుంచి వచ్చే ఆవిర్లు కూడా వస్తువులను పాడు చేస్తాయి. ఉన్ని నుంచి వచ్చే గంధకపు ఆవిర్లు వెండిని నల్లబరుస్తాయి, కొన్ని రకాల చెక్కల నుంచి వచ్చే ఆమ్లపు ఆవిర్లు సీసం, జింకులను తింటాయి. అందుకే మంచి మ్యూజియాలు ప్రదర్శనకు వాడే ప్రతి పదార్థాన్నీ వెండి, రాగి, సీసం ముక్కలతో కలిపి గాజు గొట్టంలో వేడి చేసి, వారాల తరబడి పరీక్షించి గానీ పెట్టెలో వాడవు. ఒక షోకేసులో ఎర్ర మఖ్మలు పరచి వెండి వస్తువులు పెట్టినట్లు కనిపిస్తే, ఆ ప్రదర్శనను తయారుచేసినవారు ఈ సంగతి ఆలోచించారా అని నాకు అనుమానం వస్తుంది.

ఏది ముందు చూడాలన్న మీ ప్రశ్నకు ఇప్పుడు జవాబు సులువు. రాయి, పాలరాయి, లోహం, పింగాణీ శాశ్వత గ్యాలరీలో ఉంటే తొందర లేదు. సాలార్‌జంగ్ మ్యూజియంలోని ముసుగు రెబెకా విగ్రహాన్ని ఇటలీ శిల్పి బెంజోనీ పాలరాతితో చెక్కాడు. దాన్ని 1876లో హైదరాబాదు దివాను మొదటి సాలార్‌జంగ్ రోములో కొన్నాడు. మీరు ఎప్పుడు వెళ్లినా అది అక్కడే ఉంటుంది. వస్త్రాలు, కాగితం, ఈకలు, రంగు వేసిన చెక్క ఉన్న తాత్కాలిక ప్రదర్శన అయితే గడువు తేదీ చూసుకుని ముందుగా వెళ్లండి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం 2015 అక్టోబరులో ప్రారంభించిన భారతీయ వస్త్రాల ప్రదర్శన 2016 జనవరి తొలిభాగంలోనే ముగిసింది. అందులో టిపూ సుల్తాన్ వాడిన నూలు గుడారం ఉంది. అలాంటిదాన్ని అంత పరిమాణంలో విప్పి చూపే అవకాశం ఒక తరానికి ఒకసారి వస్తుంది.

అరువు తెచ్చిన వస్తువులు ఎక్కువగా ఉన్న ప్రదర్శనలకు కూడా ఇదే వర్తిస్తుంది. 1972 నాటి పురాతన వస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన వస్తువును కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా దేశం దాటించడానికి వీల్లేదు. అనుమతి వచ్చాక కూడా పని చాలా ఉంటుంది. వస్తువు పరిస్థితిని ఫోటోలతో సహా నమోదు చేస్తారు, దానికి సరిపోయే పెట్టెను ప్రత్యేకంగా తయారు చేస్తారు, మ్యూజియం ఉద్యోగి ఒకరు పెట్టె వెంట ప్రయాణిస్తారు, చేరాక వాతావరణానికి అలవాటు పడేదాకా దాదాపు ఒక రోజు పెట్టె తెరవరు. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2015 ఏప్రిల్ నుంచి జులై వరకు దక్కన్ సుల్తానుల కళపై జరిపిన ప్రదర్శనలో గోల్కొండ, బీజాపూర్, అహ్మద్‌నగర్, బీదర్ వస్తువులు సుమారు 200 ఒకేచోట చేరాయి. అదే మ్యూజియం 2023 జులై నుంచి నవంబరు వరకు ప్రాచీన బౌద్ధ శిల్పాలతో జరిపిన ప్రదర్శనకు అమరావతి శిల్పాలతో పాటు తెలంగాణలోని ఫణిగిరి నుంచి కూడా శిల్పాలు వెళ్లాయి, తర్వాత ఆ ప్రదర్శన సియోల్‌కు కదిలింది. రాయి కాబట్టి రెండో మజిలీ సాధ్యమైంది. వస్త్రాల విషయంలో రెండో నగరంలో చాలాసార్లు వేరే ముక్క పెడతారు. ప్రదర్శన పుస్తకంలో ఫోటో చూసి వెళ్లి, వస్త్రం లేదని నిరాశ పడేవారు ఇది గుర్తుంచుకోవాలి. ఏ వస్తువు ఏ నగరంలో మాత్రమే ఉంటుందో ఆ పుస్తకంలోనే చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది.

ప్రదర్శనల నాణ్యత విషయంలో నా అభిప్రాయం కొంత కటువుగానే ఉంటుంది. కేవలం రాజవైభవం అనే పేరు పెట్టి మెరిసేవన్నీ ఒకచోట పోసిన ప్రదర్శన కంటే, ఒక ప్రశ్న పెట్టుకుని ముప్పై వస్తువులతో జవాబు చెప్పిన ప్రదర్శన మేలు. నిజాం నగలనే తీసుకోండి. భారత ప్రభుత్వం 1995లో 218 కోట్ల రూపాయలకు కొన్న ఆ 173 నగలు రిజర్వు బ్యాంకు ఖజానాలో ఉంటాయి. 2019లో ఢిల్లీలో ప్రదర్శించినప్పుడు జనం జాకబ్ వజ్రం ముందు వరుస కట్టారు. 184.75 క్యారట్ల రాయిని చూడాలనిపించడం సహజమే. కానీ అలాంటి దక్కనీ నగల్లో అసలు పనితనం తరచుగా వెనకవైపు, అంటే వేసుకున్నవారి ఒంటికి తగిలే వైపు, మీనాకారీలో (రంగుల ఎనామిల్ పనిలో) ఉంటుంది. వెనకవైపు కనిపించేలా అద్దం అమర్చిన ప్రదర్శన అంటే దాన్ని ఏర్పరచినవారికి విషయం తెలుసన్న మాట.

మూడో ప్రశ్న, వస్తువు ఎలా వచ్చిందన్నది, లేబుల్ చివరి వరసలో ఉంటుంది, అక్కడిదాకా చదివేవారు తక్కువ. అక్కడ ఉండే నంబరు కూడా ఊరికే వేసినది కాదు. చాలా అమెరికన్ మ్యూజియాల్లో మొదటి అంకెలు అది సేకరణలో చేరిన సంవత్సరం. పైన చెప్పిన బ్రూక్లిన్ తెరల నంబరు 14.719 అని మొదలవుతుంది, అంటే అవి 1914లో చేరాయి. విక్టోరియా అండ్ ఆల్బర్ట్‌లో ఐ.ఎస్. అనే అక్షరాలు భారతీయ విభాగాన్ని, చివరి అంకెలు చేరిన సంవత్సరాన్ని సూచిస్తాయి. "బహుశా గోల్కొండ" అని రాసి ఉంటే దాన్ని ఖచ్చితమైన చోటుగా తీసుకోవద్దు. కలంకారీ నూలు గుడ్డ ఎక్కడ నేసి ఎక్కడ రంగు వేసి ఎక్కడ అమ్మారన్నది మూడు వేర్వేరు ఊళ్లు కావచ్చు. లేబుల్ మీద ఆ "బహుశా" రాసిన క్యూరేటరును నేను నమ్ముతాను. ఎవరు ఇచ్చారు, ఎప్పుడు కొన్నారు అన్న వివరం అసలే లేని లేబుల్ ఉంటే కౌంటరులో అడగండి. అడగడం సందర్శకుల హక్కు.

హైదరాబాదులో మొదలుపెట్టాలనుకుంటే సాలార్‌జంగ్ మ్యూజియమే సరైన చోటు. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసఫ్ అలీ ఖాన్ కుటుంబ సేకరణతో 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో నెహ్రూ ప్రారంభించిన ఈ మ్యూజియం 1968లో మూసీ ఒడ్డున ఇప్పటి భవనానికి మారింది. శుక్రవారం సెలవు. గంట కొట్టే గడియారం దగ్గర జనం గుమిగూడే సమయాల్లో బిద్రీ, జేడ్ (పచ్చరాయి) గదులు దాదాపు ఖాళీగా ఉంటాయి కనుక ఆ సమయాన్ని అటు వాడుకోండి. జేడ్ గదిలో జహంగీరుదని చెప్పే బాకు, నూర్జహానుదని చెప్పే పండ్లు కోసే కత్తి ఉన్నాయి. జేడ్‌ను చెక్కడం సాధ్యం కాదు, దానికంటే గట్టి పొడితో అరగదీయాలి. కాబట్టి పిడి మీద ఎంత పల్చటి రేకు కనిపిస్తే అన్ని రోజుల రాపిడి అనుకోండి. పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలోనూ మంచి బిద్రీ ఉంది. నిజాం రజతోత్సవానికి వచ్చిన కానుకల కోసం పురానీ హవేలీలోని మ్యూజియం చూడవచ్చు, అక్కడి పొడవైన బట్టల బీరువా ఒక్కటే వెళ్లినందుకు సరిపోతుంది.

వెళ్లబోయే ప్రదర్శన విదేశంలోదైతే, ముందు రోజు రాత్రి ఆ మ్యూజియం వెబ్‌సైటులో రెండు మూడు వస్తువుల ఫోటోలను పెద్దవి చేసి చూడండి. మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి తన సేకరణలో హక్కుల ఇబ్బంది లేని చిత్రాలను అందరికీ ఉచితంగా ఇస్తోంది. కొన్ని వస్త్రాలకు వెనకవైపు ఫోటో కూడా ఉంటుంది. వెలుతురు తక్కువ తగిలిన ఆ వైపున రంగులు ఎక్కువ తాజాగా ఉంటాయి. గ్యాలరీలో గోడకు తగిలించిన వస్త్రానికి ఆ వైపును ఎవరూ చూపించలేరు.